ధ్రువ కాంతులు చూడాలనుంది, జీపీఎఫ్ తీయవచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్. నాకు 55 ఏళ్లు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. 2004 కంటే ముందే ఉద్యోగంలో చేరాను కాబట్టి జీపీఎఫ్ (ప్రభుత్వ ఉద్యోగుల భవిష్య నిధి), పాత పింఛను ఉన్నాయి. మావారికి 59, మోకాళ్ల నొప్పులున్నాయి, ప్రైవేటు ఉద్యోగం మానేశారు. అమ్మాయి పెళ్లి అయింది, అబ్బాయి పుణేలో పనిచేస్తున్నాడు. రూ.18,500 ఇంటి రుణం ఈఎంఐ ఈ మధ్యే తీరింది. బ్యాంకులో రూ.5 లక్షల ఎఫ్‌డీ ఉంది. నార్వేలోని ట్రోమ్సో వెళ్లి ఉత్తర ధ్రువ కాంతులు చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఒక ట్రావెల్స్ వారు పది రోజుల్లో నాలుగు దేశాలు, అందులో ట్రోమ్సోలో రెండు రాత్రులు, ఇద్దరికీ రూ.7 లక్షలు అన్నారు. సూర్యుడి చక్రం తగ్గుముఖం పట్టిందని, ఈ ఏడాది వెళ్లకపోతే మళ్లీ పదేళ్లు ఆగాలని తొందరపెడుతున్నారు. జీపీఎఫ్ నుంచి తీయనా? అబ్బాయి పర్సనల్ లోన్ తీసుకుంటానంటున్నాడు. మావారేమో 'అంత చలిలోకి వెళ్లడానికి కారణమేమిటి, ఆ డబ్బు ప్లాటుకు అడ్వాన్సు ఇద్దాం' అంటున్నారు.

జవాబు: అమ్మా, మీరు తప్పకుండా వెళ్లాలి. అయితే ఈ ప్యాకేజీలో కాదు, జీపీఎఫ్ డబ్బుతో అసలే కాదు. మీవారు అడిగిన ప్రశ్న చాలా మంచిది. కారణమేమిటో ముందు రాసుకుంటే ఏ నెలలో వెళ్లాలో, ఎన్ని రాత్రులు ఉండాలో, ఎంత ఖర్చవుతుందో ఆ కారణమే తేల్చేస్తుంది. అది రాసుకోకుండా బయల్దేరిన వాళ్లే నాలుగు దేశాలకు డబ్బు కట్టి ఏదీ సరిగా చూడకుండా తిరిగి వస్తారు.

మీ కారణం ఆకాశంలో ఉంది. ట్రోమ్సో దాదాపు 69.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఆర్కిటిక్ వలయానికి సుమారు 350 కిలోమీటర్ల ఉత్తరాన, ధ్రువ కాంతులు తరచుగా కనిపించే వలయం కిందే ఉంది. సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాలను భూమి అయస్కాంత క్షేత్రం ధ్రువాల వైపు నడిపిస్తుంది. అవి సుమారు వంద కిలోమీటర్ల పైన ఆక్సిజన్‌ను తాకితే ఆకుపచ్చ, ఇంకా ఎత్తున ఎరుపు, నైట్రోజన్‌ను తాకితే నీలం, ఊదా రంగులు పుడతాయి. ఈ సంగతి తేల్చడానికి నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ ఆల్టా దగ్గర హాల్డె కొండ మీద 1899లోనే పరిశోధనశాల పెట్టించారు. నార్వే పాత 200 క్రోనర్ల నోటు మీద ఆయన బొమ్మే ఉండేది. ఒక దేశం తన ఆకాశాన్ని చదివినవాడిని కరెన్సీ మీద ముద్రించుకుందంటే నాకు ఎంతో ముచ్చటేస్తుంది.

ఇక చలి సంగతి. ఇది మీకు నేను చెప్పాల్సింది కాదు, మీరే పిల్లలకు బోర్డు మీద బాణం గీసి చెప్పే పాఠం. గల్ఫ్ స్ట్రీమ్ కొనసాగింపుగా వచ్చే ఉత్తర అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం ఆ తీరాన్ని తడుముతూ పోతుంది. అందుకే అంత ఉత్తరాన ఉన్నా ట్రోమ్సో రేవు గడ్డకట్టదు. జనవరిలోనూ సగటు ఉష్ణోగ్రత మైనస్ 4 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఇన్నేళ్లు పాఠంగా చెప్పిన ప్రవాహాన్ని ఒడ్డున నిలబడి చూడటం కంటే మంచి కారణం ఒక సాంఘిక శాస్త్రం టీచరుకు ఏముంటుంది? మీవారికి ఆకాశం మీద ఆసక్తి లేకపోతే 1961 నుంచి నడుస్తున్న కేబుల్ కారు ఎక్కించండి. 421 మీటర్ల ఎత్తున ఊరు, సముద్రపు పాయలు, కొండలు ఒక్కసారే కళ్లముందుంటాయి. మంచు పలకల్ని నిలబెట్టినట్లుండే ఆర్కిటిక్ కెథడ్రల్ అనే చర్చి, రెయిన్‌డీర్లను పెంచే అక్కడి ఆదివాసులైన సామీ ప్రజల జీవితం పగటిపూట చూడవచ్చు.

ఇప్పుడు నెల. మీ వేసవి సెలవుల్లో వెళితే ధ్రువ కాంతులు కనబడవు. మే 20 నుంచి జులై 22 దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు, దానికి ముందూ వెనకా కూడా రాత్రులు సరిగా చీకటి పడవు. సంక్రాంతి సెలవులు చాలవు. మీకు కలిసొచ్చేవి దసరా సెలవులు. సెప్టెంబరు చివర, అక్టోబరులో రాత్రులు చీకటిగా ఉంటాయి. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు రోజుల చుట్టూ భూ అయస్కాంత అలజడి ఎక్కువ కాబట్టి కాంతులకూ మంచి కాలమే. పగలు 5 నుంచి 10 డిగ్రీలు, రాత్రి సున్నా దగ్గర. మీవారి మోకాళ్లకు డిసెంబరు మంచు మీద నడక కంటే ఇది ఎంతో నయం. హోటళ్లూ నడిశీతాకాలమంత ఖరీదు ఉండవు. మంచు మీద లాగే కుక్కల బండ్లు, తిమింగలాల యాత్రలు మాత్రం మీకు దొరకవు, వాటి కాలం తర్వాత మొదలవుతుంది. మీ కారణాల్లో అవి లేవు కాబట్టి వదిలేయండి.

ఈ కాలానికి పెద్ద చిక్కు మబ్బు. అక్టోబరులో అక్కడ వానలు ఎక్కువ. రెండు రాత్రుల ప్యాకేజీ వద్దన్నది ఇందుకే. రెండు రాత్రులూ మబ్బు పడితే ఏడు లక్షలూ మబ్బు పాలే. ఏడు రాత్రులు ఒకే ఊళ్లో ఉండండి. అందులో రెండు రాత్రులు మబ్బు లేని చోటు వెతుక్కుంటూ లోతట్టుకు, ఫిన్లాండ్ సరిహద్దు వైపు తీసుకెళ్లే బస్సు యాత్రలకు కేటాయించండి. వాటిని ముందే బుక్ చేయకుండా అక్కడికి వెళ్లాక వాతావరణం చూసి తీసుకోండి.

'ఈ ఏడాది కాకపోతే పదేళ్లు' అన్న మాట నమ్మకండి. సూర్యుడి అలజడి పెరిగి తగ్గే పదకొండేళ్ల సౌర చక్రం 2024 చివర్లో ఉచ్చదశకు చేరిన మాట నిజం. కానీ ఆ లెక్క దక్షిణాన ఉన్న ప్రాంతాలకు ముఖ్యం. 2024 మేలో వచ్చిన భారీ సౌర తుపానుకు మన లద్దాఖ్‌లోని హాన్లేలో కూడా ఎర్రటి వెలుగు కెమెరాలకు చిక్కింది, అలాంటివి ఎప్పుడో గాని రావు. ట్రోమ్సోలో చక్రం అడుగున ఉన్నప్పుడు కూడా కాంతులు కనిపిస్తాయి. రెండేళ్లు ఆగితే మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు.

ఆ రెండేళ్లే మీ పెట్టుబడి. ఇద్దరికీ నా అంచనా ఇది: విమానాలకు రూ.1.8 లక్షలు, వంటగది ఉన్న అపార్ట్‌మెంటులో ఏడు రాత్రులకు రూ.1.05 లక్షలు, తిండికి, బస్సులకు రూ.60 వేలు, యాత్రలకు రూ.85 వేలు, వీసా, బీమాకు రూ.30 వేలు, బట్టలకు, బూట్లకు రూ.30 వేలు. మొత్తం రూ.4.9 లక్షలు. రూపాయి పడిపోతే ఆదుకోవడానికి మరో పది శాతం కలిపి రూ.5.4 లక్షలు అనుకోండి. తీరిపోయిన ఈఎంఐ రూ.18,500కు మరో రూ.2,500 చేర్చి నెలకు రూ.21,000 రికరింగ్ డిపాజిట్ వేస్తే, 6.5 శాతం వడ్డీ వచ్చిందనుకున్నా 24 నెలల్లో ఆ మొత్తం దాదాపుగా చేతికొస్తుంది. ఇంటి ఖర్చులు ఈఎంఐకి అలవాటు పడే ఉన్నాయి కాబట్టి మీకు కొత్త భారం తెలియదు. కరువు భత్యం (డీఏ), వేతన సవరణ (పీఆర్సీ) బకాయిలు వస్తే సంతోషం, వచ్చేదాకా లెక్కలో వేయకండి. ఎఫ్‌డీ అత్యవసరాలకే, దాన్ని ముట్టుకోవద్దు.

జీపీఎఫ్ ఎందుకు వద్దో చూడండి. 61 ఏళ్లకు పదవీ విరమణ, అంటే ఇంకా ఆరేళ్లు. ఇవాళ తీసే రూ.5 లక్షలు 7.1 శాతం వడ్డీతో అక్కడే ఉంటే అప్పటికి రూ.7.5 లక్షలు దాటుతాయి. అబ్బాయి అప్పు ఇంకా నష్టం: రూ.5 లక్షలకు 14 శాతం, మూడేళ్లు అంటే నెలకు సుమారు రూ.17,090, వడ్డీ ఒక్కటే రూ.1.15 లక్షలు. జీవితం మొదలుపెట్టే కుర్రాడి మీద ఆ బరువు పెట్టకండి. ఇక ప్లాటు. మిగిలిన కిస్తీలు ఎక్కడి నుంచి వస్తాయో తెలియకుండా అడ్వాన్సు ఇస్తే పదవీ విరమణ ముంగిట మళ్లీ అప్పే అవుతుంది.

వీసా విషయంలో కొన్ని జాగ్రత్తలు. నార్వేకు షెంగెన్ వీసా, అంటే ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా కావాలి. రుసుము పెద్దలకు 90 యూరోలు, సేవా రుసుము అదనం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి. మీవారి మోకాళ్ల నొప్పులు, బీపీ, షుగర్ ఉంటే బీమా పత్రంలో దాచకుండా రాయండి, లేకపోతే క్లెయిమ్ నిలబడదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు కనుక జూన్ లోపు సిద్ధం కండి. దానికంటే ముందు విదేశీ ప్రయాణానికి మీ శాఖ అనుమతి తీసుకోవాలి. వీసా చేతికి రాకముందు రద్దుకు వీలులేని టికెట్లు కొనవద్దు. బ్యాంకు ఖాతాలో నెలనెలా కనిపించే జీతం, పొదుపు మీ తరఫున గట్టిగా మాట్లాడతాయి. దరఖాస్తుకు ముందు ఒకేసారి వచ్చిపడిన లక్షలు అనుమానం తెస్తాయి.

విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసే ఆదాయ పన్ను) పడుతుంది. రేటు బడ్జెట్లలో మారుతోంది కాబట్టి కట్టేనాటికి ఎంతో అడగండి. ఆ పన్ను రిటర్నులో తిరిగి సర్దుబాటవుతుంది. అందుకని ఏది కొన్నా జీతంపై పన్ను కట్టే మీ పాన్ మీదే కొనండి. అక్కడ నగదుతో దాదాపు పని లేదు, విదేశీ కరెన్సీ ముందే నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకెళ్లండి. చెల్లించేటప్పుడు కార్డు యంత్రం రూపాయల్లోనా, క్రోనర్లలోనా అని అడిగితే క్రోనర్లే నొక్కాలి. హోటల్లో ఒక పూట భోజనం మనిషికి రెండు వేల రూపాయలు దాటుతుంది. కందిపొడి, ఆవకాయ, బియ్యం పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మాత్రం వద్దు, బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేనివ్వరు.

అబ్బాయి ఏదో ఒకటి ఇస్తానని పట్టుబడితే ఉన్ని లోదుస్తులు, నీరు దిగని బూట్లు ఇద్దరికీ కొనిపెట్టమనండి. అప్పుడు మీ ఆర్‌డీ నెలకు రూ.1,200 దాకా తగ్గించుకోవచ్చు.