‘ఎందుకు దూకావురా’ అంటే ‘తెలీదు’ అంటున్నాడు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అబ్బాయికి 14 ఏళ్లు. ఏడాదిలో గొంతు మారింది, నన్ను దాటి పొడుగయ్యాడు. ఇప్పుడు చిన్న మాటకే తలుపు ధడేల్మని వేసుకుంటున్నాడు. అర్ధరాత్రి దాటినా నిద్రపోడు, పొద్దున లేవడు. మొన్న స్నేహితులతో పందెం కట్టి ఎత్తైన గోడ మీద నుంచి దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎందుకు దూకావంటే ‘తెలీదు’ అంటాడు. తెలివైన పిల్లాడే. మా పెంపకంలో లోపమా?

జవాబు: కాదమ్మా. వాడు తెలీదన్నది నిజమే అయ్యుంటుంది, దాన్ని పొగరనుకోకండి.

మెదడు సైజు 6 ఏళ్లకే పెద్దవాళ్ల మెదడులో 90 శాతానికి చేరుతుంది. కానీ లోపల పని మిగిలే ఉంటుంది. మెదడు కణాల మధ్య వాడని కనెక్షన్లు తెగిపోతుంటాయి, వాడేవాటి చుట్టూ కరెంటు తీగకి తొడుగులా మైలిన్ అనే పొర మందమవుతుంది. ఈ పని మెదడంతా ఒకేసారి పూర్తికాదు, చిక్కంతా అక్కడే. యుక్తవయసులో మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ చాలా రెట్లు పెరుగుతుంది. భయాన్ని, కోపాన్ని పసిగట్టే అమిగ్డలా అనే మెదడు భాగంలో ఆ హార్మోన్‌ని అందుకునే రిసెప్టర్లు ఎక్కువ. థ్రిల్లు కోరే భాగాలు కూడా ఈ వయసులోనే చురుగ్గా ఉంటాయి. ‘ఆగు, ఆలోచించు’ అనాల్సిన నుదుటి వెనక భాగం, ప్రీఫ్రంటల్ కార్టెక్స్, పూర్తిగా తయారయ్యేసరికి మాత్రం పాతికేళ్లు వస్తాయి.

మరి తెలివైనవాడు గోడ ఎందుకు దూకాడంటారా? ఒంటరిగా ఉంటే బహుశా దూకేవాడు కాదు. 2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు కారు నడిపే వీడియోగేమ్ ఆడించి చూస్తే, 13–16 ఏళ్ల పిల్లలు స్నేహితులు పక్కనుంటే ఒంటరిగా ఆడినప్పటికంటే చాలా ఎక్కువ రిస్కు తీసుకున్నారు, 24 దాటినవాళ్లలో ఆ తేడా దాదాపు లేదు. అందుకే ఎత్తు నుంచి దూకితే ఏమవుతుందో ఇంకో లెక్చర్ ఇవ్వకండి, అది వాడికి తెలుసు. నలుగురి ముందు పరువు పోకుండా పందెం నుంచి ఎలా తప్పుకోవాలో, ఏం సాకు చెప్పాలో ఇద్దరూ కలిసి ముందే అనుకోండి, కావాలంటే ఆ సాకు మీరే అవ్వండి, ‘మా అమ్మ చంపేస్తుంది’ అనమనండి.

నిద్ర సంగతి కూడా బద్ధకం కాదు. ఈ వయసులో నిద్రవేళని సూచించే మెలటోనిన్ హార్మోన్ విడుదల ఆలస్యమై నిద్ర కూడా ఆలస్యంగా వస్తుంది, అవసరం మాత్రం 8 నుంచి 10 గంటలు. రాత్రి ఫోను గది బయట పెట్టించండి. నిద్ర చాలకపోతే కోపం ఇంకా పెరుగుతుంది.

హార్మోన్లు కదా అని అన్నీ వదిలేయమనడం లేదు. తలుపు వేసుకున్నప్పుడు వెంటపడకండి, అరగంట ఆగి, చల్లబడ్డాక ‘తలుపు అలా ధడేల్మని వేయడం కుదరదు’ అని ఒక్క మాటలో చెప్పండి. ఆ సమయంలో మీరూ అరిస్తే మీ మాట వాడి బుర్రకెక్కదు.

అయితే రెండు వారాలకు పైగా దిగులుగా ఉన్నా, తిండి, స్నేహితులు, ఆటలు మానేసినా, మత్తు అలవాటైందని అనుమానం వచ్చినా వయసు మహిమని ఊరుకోకుండా సైకియాట్రిస్టుకి చూపించండి. చచ్చిపోతానన్న మాట వస్తే ఆ రోజే తీసుకెళ్లండి, వాణ్ని ఒంటరిగా వదలకండి.