కాలేయం గట్టిపడుతోందని రాసిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ రిపోర్టు, దానితోపాటు మచ్చ తగ్గుతుందన్న ఆశతో నువ్వు కొన్న యాంటీఆక్సిడెంట్ మాత్రల డబ్బా ఫొటో చూశాను. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో రోగులకు పథ్యం చెప్పినదానిని కనుక నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

కొవ్వు వల్ల గాని, మద్యం వల్ల గాని, వైరస్ వల్ల గాని కాలేయం దెబ్బతిన్నప్పుడు, అక్కడ ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు మోతాదు మించుతాయి. వాటి తాకిడికి, మామూలు రోజుల్లో విటమిన్ ఎ దాచుకొని ఒదిగి ఉండే స్టెల్లేట్ కణాలు తీరు మార్చుకొని కొల్లాజెన్ అనే గట్టి ప్రొటీన్ పోగులు పేర్చడం మొదలుపెడతాయి. మచ్చ కట్టడమంటే అదే. ఆ అణువులను యాంటీఆక్సిడెంట్లు అణచగలవు కనుక నీ ఆశలో తప్పు లేదు. అయితే 2010లో ఫలితాలు వెలువడిన ఒక వైద్య ప్రయోగంలో, కొవ్వు వల్ల కాలేయం వాచిన, మధుమేహం లేని రోగులకు రోజుకు 800 యూనిట్ల విటమిన్ ఇ 96 వారాలు ఇస్తే, కాలేయంలో కొవ్వూ వాపూ తగ్గాయి గాని మచ్చ చెప్పుకోదగినంతగా తగ్గలేదు. పైగా నీ డబ్బా మీద రాసి ఉన్న గ్రీన్ టీ సారం గాని, మిరియాల సారం కలిపిన పసుపు గాని మాత్రలుగా మింగిన కొందరిలో కాలేయమే దెబ్బతింది. కూరలో వేసే చిటికెడు పసుపుతో ఆ భయం లేదు.

అందుకే తిండి నుంచే తీసుకో. ఉసిరికాయ ఉడికితే సి విటమిన్ కొంత పోతుంది, ఊరగాయ పెడితే నూనె, ఉప్పు చేరతాయి. కాబట్టి పచ్చికాయను సన్నగా తరిగి, పొయ్యి మీంచి దించిన పప్పులో కలుపుకో. మునగాకు, గోంగూర, జామకాయ, గుప్పెడు వేరుశనగలు వంతులవారీగా తింటూ ఉండు. కాఫీ తాగేవారిలో ఈ మచ్చలు తక్కువగా కనిపిస్తున్నాయని ఎన్నో పరిశీలనలు చెబుతున్నాయి. నీకు అలవాటే కనుక రెండు మూడు కప్పులు తాగు, చక్కెర మాత్రం మానెయ్యి.

ఇవన్నీ తోడు మాత్రమే, నాయనా. కొవ్వు వల్ల పడిన మచ్చను నిజంగా వెనక్కి మళ్లించే అవకాశం బరువు పదో వంతు తగ్గినప్పుడే ఎక్కువ; నీ 80 కిలోల్లో 8 కిలోలు, అదీ ఏడాది వ్యవధిలో నెమ్మదిగా. మద్యం చుక్క కూడా ముట్టవద్దు. ఆ డబ్బాను మూత తీయకుండానే దాచి, వచ్చే నెల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు తీసుకువెళ్లి చూపించు.

ఇట్లు,
అత్తయ్య