మేఘాల ఎత్తు కొలిచే లేజర్ చదువు: మా అమ్మాయిని పంపొచ్చా సార్?

చిత్తూరు నుంచి ఒక తండ్రి అడిగారు. అమ్మాయి బీఎస్సీ ఎంపీసీ ఫైనల్ ఇయర్, శాటిలైట్ నుంచి లేజర్ వేసి మేఘాల పొరలు ఎంత ఎత్తులో ఉన్నాయో కొలుస్తారంట, నేను అదే చదువుతా అంటోందట. ఈయనేమో ఐసెట్ రాసి ఎంసీఏ చెయ్యమంటున్నారు. "అవన్నీ నాసా వాళ్ళ పనులు కదా సార్, మన పిల్లలకి ఉద్యోగాలెక్కడ?" అని ఆయన ప్రశ్న.

అయ్యా, మీరు తిరుపతి పోయేటప్పుడు గాదంకి టోల్‌గేట్ దాటతారు కదా, ఆ గాదంకిలోనే అంతరిక్ష శాఖ కింద నడిచే ఎన్ఏఆర్ఎల్ అనే వాతావరణ పరిశోధన ల్యాబ్ ఉంది, అక్కడ 1998 నుంచి నేల మీద నుంచే పైకి లేజర్ వేసి మేఘాల్నీ ధూళినీ చూస్తున్నారు. కాబట్టి ఇది ఎక్కడో అమెరికా పని అనుకోకండి, మీ ఇంటి పక్క పనే.

పని ఏంటో కొంచెం చెప్తాను. 2006 ఏప్రిల్లో నాసా, ఫ్రాన్స్ వాళ్ళు కలిసి కాలిప్సో అనే శాటిలైట్ పంపారు, దాదాపు 705 కిలోమీటర్ల పైనుంచి సెకనుకి 20 సార్లు లేజర్ పల్స్ కిందికి వేసేది, ఆ వెలుగు మేఘానికి తగిలి వెనక్కి రావడానికి పట్టిన టైమ్‌ని బట్టి ఎత్తు లెక్క. 30 మీటర్ల ఎత్తు తేడా అంటే టైమ్‌లో సెకనులో 50 లక్షల వంతు తేడా, అంత సన్నగా కొలవాలి. మామూలు ఇన్‌ఫ్రారెడ్ శాటిలైట్ అయితే మేఘం టెంపరేచర్ చూసి ఎత్తు అంచనా వేస్తుంది, బాగా ఎత్తులో ఉండే పల్చటి సిర్రస్ మేఘం వస్తే కింద నుంచి వేడి కూడా దాంట్లోంచి వచ్చేసి ఎత్తు తక్కువ చూపిస్తుంది. లేజర్‌కి ఆ ఇబ్బంది లేదు.

కానీ లేజర్‌కీ ఒక లోటుంది, అమ్మాయి దాని మీదే దృష్టి పెట్టాలి. మేఘం దట్టంగా ఉంటే వెలుగు మధ్యలోనే ఆగిపోతుంది. కాలిప్సో బొమ్మల్లో మేఘం తెల్లగా బూడిదగా కనిపిస్తుంది, దాని కింద ముదురు నీలం చార ఉంటుంది, కొత్తవాళ్ళు అక్కడ ఆకాశం ఖాళీ అనుకుంటారు, నిజానికి లేజర్ అక్కడిదాకా వెళ్ళనే లేదు. డేటా ఫైల్లో మేఘం పైఎత్తు, కిందిఎత్తు రెండూ ఇస్తారు, పక్కనే ఒపాసిటీ ఫ్లాగ్ అని ఇంకో కాలమ్ ఉంటుంది, పొర దట్టమైనదని అది చెప్తే ఆ కిందిఎత్తు అసలు అడుగు కాదు, లేజర్ ఆగిన చోటు. మన రుతుపవనాల మేఘాలు చాలావరకు ఇలాంటివే. అందుకే దట్టమైన మేఘంలోంచి కూడా చూడగల క్లౌడ్‌శాట్ రాడార్‌ని కాలిప్సోతోపాటే ఒకే రాకెట్లో పంపారు. పరికరం ఎక్కడ చూడలేదో చెప్పగలిగిన పిల్లనే ల్యాబుల్లో కోరుకుంటారు అని నా గట్టి నమ్మకం, ఫార్ములాలు అందరూ బట్టీ పడతారు.

కాలిప్సో పని 2023 ఆగస్టులో ఆగిపోయింది. 2024 మే 28న యూరప్, జపాన్ వాళ్ళ ఎర్త్‌కేర్ వెళ్ళింది, లేజరూ రాడారూ ఒకే శాటిలైట్ మీద. కాలిప్సో లేజర్ వాడింది 532, 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాలు, ఇది వాడేది 355, కాబట్టి పాత 17 ఏళ్ళ రికార్డుకీ కొత్త దానికీ లంకె వెయ్యాలంటే చాలా పనుంది, ఇప్పుడు చేరే పిల్లలకి దొరికేది అదే.

ఉద్యోగం సంగతి దాచకుండా చెప్తాను. పర్మనెంట్ సైంటిస్ట్ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో చెప్పలేం, పీహెచ్‌డీ లేకుండా ఈ దారిలో దూరం పోలేరు. ఎమ్మెస్సీ రెండేళ్ళు, పీహెచ్‌డీ ఇంచుమించు ఐదేళ్ళు. అయితే నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 రూపాయలు, పైన హెచ్ఆర్ఏ, అంటే పీహెచ్‌డీ చదువుకి మీ చేతి నుంచి డబ్బు పెట్టక్కర్లేదు. ఇంట్లో వెంటనే జీతం రావాల్సిన పరిస్థితి ఉంటే మాత్రం మీరన్న ఎంసీఏనే మంచిది, ఆ మాట అమ్మాయికి సూటిగా చెప్పండి.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసినా, ఆంధ్రా యూనివర్సిటీలో మెటియరాలజీ చేసినా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ రాసినా, ఐఐటీలకి జామ్ రాసినా పర్లేదు. నేనైతే ఫిజిక్స్ అంటాను, ఆప్టిక్స్ గట్టిగా వస్తుంది, మనసు మారినా దారులు మూసుకోవు. పైథాన్ ప్రోగ్రామింగ్ ఎలాగూ తప్పదు, ఎంసీఏకి పోయినా అది పనికొస్తుంది.

ఫీజు కట్టే ముందు ఒక పని చేయించండి. నాసా ఎర్త్‌డేటా వెబ్‌సైట్లో ఫ్రీగా అకౌంట్ తెరిచి, కాలిప్సో ఫైల్ ఒకటి, జులైలో మన మీదుగా రాత్రిపూట వెళ్ళినది దించుకోమనండి, పగటివైతే ఎండ వల్ల గజిబిజిగా ఉంటాయి. ఆ ఫైల్ హెచ్‌డీఎఫ్ ఫార్మాట్, మొదట్లో తెరుచుకోక విసిగిస్తుంది, పైథాన్‌లో తెరిచి బొమ్మ గీసి ఏ పొర ఎక్కడుందో, లేజర్ ఎక్కడ ఆగిందో మీకు చూపించమనండి. నెల రోజులు టైమివ్వండి, మీరు పక్కన కూర్చుని వినండి, తర్వాత జామ్ అప్లికేషనో ఐసెట్ అప్లికేషనో ఇద్దరూ కలిసే నింపండి.