టెంటు కింద అరవై మంది, స్టేషన్ ముందు ఊరంతా

ప్రభుత్వం హక్కులు, గిక్కులు అని మెత్తగా ఉంటే జనం అలుసు తీసుకుని ఇంకా రోడ్డెక్కుతారు కదా అని అడిగారు. మాది దేవరకొండ వైపు ఊరు. నేను చూసింది దీనికి ఉల్టా.

కొన్నేళ్ల కింద, కాలువ కింద పోయిన భూములకు పరిహారం రాలేదని మా ఊళ్లో టెంటు వేసుకుని కూర్చున్నారు. రోజుకు అరవై మంది వస్తే గొప్ప. మా అమ్మయితే "మన భూమి పోలేదు గదా బిడ్డా, మనకెందుకు" అనేది. ఒక రాత్రి జీపు వచ్చి ఇద్దరు పిల్లగాళ్లను ఎక్కించుకుపోయింది. ఎక్కడికో ఇంట్లో చెప్పలేదు. తెల్లారేసరికి స్టేషన్ ముందు ఊరంతా ఉంది, మా అమ్మతో సహా. ఆ పొద్దు నుంచి పరిహారం మాటే ఎవరూ ఎత్తలేదు. "మా పిల్లల్ని ఎందుకు కొట్టిండ్రు?" ఇదొక్కటే. పైసలిస్తే తీరిపోయే గొడవ, పైసలతో తీరని గొడవైంది.

తర్వాత పేషీలకు తిరిగేటప్పుడు వకీలు సాబ్ చెప్పాడు. అరెస్టు చేస్తే మెమో (ఎవరిని, ఎప్పుడు పట్టుకున్నారో చెప్పే కాగితం) రాయాలి, సాక్షి సంతకం తీసుకోవాలి, ఇంటివాళ్లకు కబురు పెట్టాలి అని 1996లోనే డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్నది రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. మెమో రాయడం ఎంతసేపు, అరగంట పని.

కష్టం ఉన్నంత మాత్రాన జనం తిరగబడరు. పాలమూరు వాళ్లు ఎన్ని కరువులు చూశారు! మూట కట్టుకుని ముంబై, పుణె పోయారు. వెట్టిని కూడా మా తాతల కాలం వాళ్లు తరతరాలు మోశారు. 1946 జూలై 4న కడవెండిలో (అప్పుడది నల్గొండ జిల్లాలోనే ఉండేది) విసునూరు దేశ్‌ముఖ్ అనే దొర మనుషులు, వెట్టికి ఎదురు నిలిచిన దొడ్డి కొమరయ్యను కాల్చి చంపాక ఊళ్లకు ఊళ్లే కదిలాయి. నిజాం సర్కారు దొరల వైపే నిలబడింది. 1948లో సైన్యం వచ్చి నిజాం పాలన పోయినా పోరాటం 1951 దాకా ఆగలేదు. మరుసటేడు ఎన్నికల్లో అదే నల్గొండ ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిపించింది. తుపాకులు చూసిన ఊళ్లే ఓటు పెట్టె దగ్గర లైను కట్టాయి.

హక్కులు గౌరవిస్తే ధర్నాలే ఉండవని నేననను. మా టెంటు ఎట్లాగూ ఉండేది. ఆ జీపు రాకుంటే, పత్తి ఏరే రోజులొచ్చేసరికి అరవై మంది కాస్తా ఇరవై అయ్యేవాళ్లేమో.