టూరిస్టు వీసాతో లిస్బన్ వెళ్లడం కన్నా డీ8 వీసాతో బ్రాగా మేలు

హైదరాబాద్ కంపెనీ ఉద్యోగం వదులుకోకుండా, టూరిస్టు వీసాపై పోర్చుగల్ రాజధాని లిస్బన్ చేరి అక్కడే నివాస అనుమతి తీసుకోవచ్చా అని అడిగారు. దయచేసి ఆ దారి పట్టకండి. వచ్చాక దరఖాస్తు చేసుకునే వెసులుబాటును పోర్చుగల్ 2024 జూన్‌లో ఎత్తివేసింది. మీకు సరిపోయేది, విదేశీ సంస్థలకు దూరం నుంచి పనిచేసేవారి కోసం 2022లో తెచ్చిన డీ8 వీసా. అయితే మీ నెలసరి ఆదాయం అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్లు, అంటే 2025 లెక్కన 3,480 యూరోలు ఉన్నట్టు చూపించాలి.

లిస్బన్ అద్దెలు జీతాన్ని మింగేస్తాయి కనుక, ఉత్తర పోర్చుగల్‌లోని పోర్టో నగరం నుంచి రైల్లో దాదాపు గంట ప్రయాణమయ్యే బ్రాగా నగరాన్ని చూడమంటాను. అక్కడ శీతాకాలం వానలు ఎక్కువ, పాత ఇళ్లలో గదులను వెచ్చబెట్టే ఏర్పాటు అరుదు. ఒప్పందంపై సంతకం పెట్టేముందు బీరువా జరిపించి, వెనుక గోడపై నల్లని బూజు మచ్చలున్నాయేమో చూసుకోండి. ఏడాదిలో 183 రోజులు దాటితే పన్ను లెక్కలు అక్కడికి మారతాయి కాబట్టి, కంపెనీ అనుమతిని ముందే రాతపూర్వకంగా తీసుకోండి.