గుండెల మీద కూర్చునేది దెయ్యం కాదు అబ్బయ్యా

చిరంజీవి మధుకు పెద్దమ్మ దీవెనలు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి ఒకటే ఏడుపు. తెల్లవారుజామున నీకు మెలకువ వస్తోందంట, కళ్ళు తెరిచి గుడిసె కప్పు చూస్తానే ఉంటావంట, కానీ చెయ్యి కాలు కదలదంట, నోరు పెగలదంట. తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నట్టు, వచ్చి గుండెల మీద కూర్చున్నట్టు ఉంటోందని చెప్పింది. ఏ.ఎస్.పేట దర్గాకు తీసకపోతానంటోంది. వెళ్ళిరండి, మనసుకు ధైర్యం వస్తే మంచిదే. కానీ ఈ ఉత్తరం చదివి వెళ్ళు.

నా ఉద్యోగమంతా ఆసుపత్రి వార్డుల్లోనే గడిచింది. ఇదే మాట భయపడుతూ, సిగ్గుపడుతూ నాతో చెప్పినవాళ్ళు ఎంతమందో. డాక్టర్లు దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటారు. 100 మందిలో ఏడెనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుందని అంచనా. నిద్ర చాలని వాళ్ళకు ఇంకా ఎక్కువ.

రాత్రంతా నిద్ర ఒకే తీరుగా సాగదు. సుమారు గంటన్నరకోసారి కలల నిద్ర వస్తుంది, తెల్లవారేకొద్దీ అది ఎక్కువసేపు ఉంటుంది. అప్పుడు మూసిన రెప్పల కింద కనుగుడ్లు గబగబా కదులుతాయి. 1953లో చికాగో యూనివర్సిటీవాళ్ళు లోకానికి చెప్పిన సంగతి ఇది. కలలో పరిగెత్తితే మంచం మీద కూడా పరిగెత్తకూడదు కదా, అందుకని ఆ కాసేపూ మెదడే ఒంటికి గడియ పెడుతుంది. నీకు మెలకువ వచ్చింది, గడియ ఇంకా తియ్యలేదు. కల కూడా పూర్తిగా పోలేదు, అందుకే తలుపు దగ్గర మనిషి కనిపిస్తాడు. ఊపిరితిత్తుల కింద ఉండే పెద్ద కండరం మాత్రం ఎప్పటిలా పనిచేస్తూనే ఉంటుంది, కాబట్టి ఊపిరి ఆగదు. ఛాతీ కండరాలు సడలి ఉంటాయి. నువ్వు కంగారుపడి గట్టిగా పీల్చబోతే గాలి అందనట్టు, ఎవరో అదిమినట్టు అనిపిస్తుంది. కొన్ని సెకన్లు, మహా అయితే కొన్ని నిమిషాలు. దీనివల్ల ప్రాణానికి ఏమీ కాదు.

మరి నీకే ఎందుకు? విడవలూరులో రొయ్యల గుంటల కాపలా అంటే ఏం నిద్ర నాయనా! నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయేది సరిగ్గా తెల్లవారుజామునే. కరెంటు పోయి, నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు ఆగితే, ఆ నిశ్శబ్దానికే ఉలిక్కిపడి లేచి జనరేటర్ దగ్గరికి పరిగెత్తుతావు. వచ్చి మళ్ళీ పడుకుంటావు. కలల నిద్ర దట్టంగా ఉండే వేళలోనే నీ నిద్ర ముక్కలవుతోంది. దానికి తోడు రొయ్య చస్తుందేమో, రేటు పడుతుందేమో అని టెన్షన్. గుంట దగ్గర ఎవరో చచ్చిపోయారన్న కథ కాదు, ఇదీ కారణం.

మీ పార్టనర్‌తో మాట్లాడి రాత్రులు వంతులేసుకోండి. ఒక రాత్రి నీది, ఒక రాత్రి అతనిది. కాపలా లేని రాత్రి గుంట దగ్గర పడుకోవద్దు, ఇంటికి రా. కాపలా చేసిన మర్నాడు వెలుతురు రాని గదిలో, ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకో. వెల్లకిలా పడుకున్నప్పుడే ఇది ఎక్కువ వస్తుంది, కాబట్టి పక్కకి తిరిగి పడుకో. టీ తాగిన అయిదారు గంటలకు కూడా, నిద్ర రానివ్వని దాని కెఫీన్‌లో సగం ఒంట్లోనే ఉంటుంది. అర్ధరాత్రి దాటాక ఫ్లాస్కు ముట్టుకోవద్దు.

మళ్ళీ వస్తే ఒళ్ళంతా లేపాలని పెనుగులాడొద్దు. కళ్ళు మాత్రం కదులుతాయి, అటూ ఇటూ తిప్పు. ఒక్క వేలు, కాలి బొటనవేలైనా సరే, కదపాలని చూడు. నెమ్మదిగా ఊపిరి వదులు. "ఇది నిద్రే, పోతుంది" అనుకో. పక్కన ఎవరన్నా ఉంటే ముందే చెప్పి ఉంచు, వాళ్ళు తాకితే చాలామందికి చప్పున వదిలిపోతుంది.

నిద్ర పట్టడానికని బ్రాందీ, విస్కీ లాంటి మందు తాగొద్దు. తాగినవాడికి ముందు నిద్ర పట్టినట్టే ఉంటుంది, తెల్లవారుజామున కలలు ఎగబడతాయి. మెడికల్ షాపులో చీటీ లేకుండా నిద్రమాత్రలు తెచ్చుకుంటే నేను ఊరుకోను.

ఇంకో మాట. మీ నాన్న నిద్రలో చేతులు విసురుతాడు, అరుస్తాడు అని మీ అమ్మ నవ్వుతూ చెప్పింది. అది నవ్వే విషయం కాదు. ఆయన విషయంలో గడియ పడటమే లేదేమో అని నా అనుమానం. ఆ వయసులో నరాల డాక్టరు ఒకసారి చూడాలి.

నీకు పగలు బండి నడుపుతూ కునుకు వచ్చినా, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్ళు జారిపోయినా, గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని ఎవరన్నా చెప్పినా ఆలస్యం చెయ్యొద్దు. నెల్లూరు పెద్దాసుపత్రికి గానీ ఒంగోలు రిమ్స్‌కు గానీ వెళ్ళు. రాత్రి భయం తట్టుకోలేకపోతే మనసు బాధలు వినే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యి, డబ్బులేమీ ఉండవు, తెలుగులోనే మాట్లాడతారు. రెండు వారాలు ఎప్పుడు పడుకున్నావో, ఎన్నిసార్లు లేచావో, ఏ రాత్రి వచ్చిందో కాగితం మీద రాసి పెట్టుకో. డాక్టరు ముందు అడిగేది అదే. నువ్వు వెళ్ళేరోజు ముందుగా చెబితే కావలి నుంచి నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ