ఇంట్లో పలికే పై 'స' పెళ్లిలో ఎందుకు పలకదు?

ప్రశ్న: మాస్టారూ, నాకు 24 ఏళ్లు. మా బాబాయి బ్యాండు మేళంలో నాలుగేళ్లుగా ట్రంపెట్ వాయిస్తున్నాను. ఇంట్లో సాధన చేసేటప్పుడు పై 'స' పదికి తొమ్మిదిసార్లు శుభ్రంగా పలుకుతుంది. అదే ఊరేగింపులో జనం సెల్‌ఫోన్లు పైకెత్తి చూస్తుంటే, చరణం చివర ఆ నోటు దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేస్తుంది, నోటు చీలిపోతుంది, ఒక్కోసారి గాలే బయటికి రాదు. అదిమి ఊదీ ఊదీ పెదవి మీద గుండ్రంగా మచ్చ పడింది. మొన్న మాఘంలో ఒకే పెళ్లిలో మూడుసార్లు తప్పాను. బాబాయి ఏమీ అనలేదు కానీ తర్వాతి పెళ్లిలో ఆ ముక్క క్లారినెట్‌కి ఇచ్చేశారు. ఒక పెగ్గు వేసుకుంటే టెన్షన్ పోతుందని తోటివాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: తమ్ముడూ, ముందు పెగ్గు సంగతి తేల్చేద్దాం. వద్దు. మందు భయంతో పాటు చెవినీ మొద్దుబారుస్తుంది, పెదవిని ఆరబెడుతుంది. ఈ నోటుకి కావాల్సినవే ఆ రెండూ.

పదికి తొమ్మిదిసార్లు పలుకుతోంది అన్నావు చూడు, నీ ఉత్తరంలో నాకు ధైర్యం ఇచ్చిన మాట అదే. పదికి నాలుగే వస్తుంటే ఇంకా సాధన చెయ్యమని చెప్పి ఊరుకునేవాణ్ణి. నీ పెదవికి ఆ బలం ఉంది, తేడా వేరేచోట వస్తోంది.

నీ వాద్యం సంగతే చూడు. మీటలేవీ నొక్కకుండా ఊదితే కింద స, ప, ఆ పైన స, గ, ప, ఇలా దూరదూరంగా పలుకుతాయి కదా. ఇంకా పైకి, నువ్వు భయపడే పై 'స' దగ్గర్నుంచి మాత్రం మీటలు నొక్కకుండానే స, రి, గ పక్కపక్కనే ఉంటాయి. అంటే అక్కడ స్వరాన్ని ఎంచేది వేళ్లు కాదు, నీ చెవి. ఆ 'స' పలకాలంటే పెదవులు సెకనుకు సుమారు 930 సార్లు అదరాలి, అంత సన్నటి పనిని పెదవికి ఆజ్ఞలిచ్చి ఎవరూ చేయించలేరు. స్వరం ముందు మనసులో స్పష్టంగా మోగితే పెదవి దాన్ని వెతుక్కుంటుంది. రెండు లైన్ల ముందు నుంచే 'అమ్మో, వస్తోంది' అనుకుంటున్నావంటే ఆ సమయంలో నీకు స్వరం వినిపించడం లేదు, భయమే వినిపిస్తోంది. అమెరికాలోని చికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో 1944 నుంచి 1988 దాకా ట్యూబా అనే పెద్ద ఇత్తడి బాకా వాయించిన ఆర్నాల్డ్ జేకబ్స్ తన దగ్గరికి వచ్చినవాళ్లకి జీవితమంతా చెప్పింది ఇదే: మనసులో పాట ఉండాలి, దాని వెనక గాలి ఉండాలి, కండరాల మీద నుంచి ధ్యాస తియ్యాలి.

గొంతు పట్టేయడం గురించి కూడా చెప్పాలి. బియ్యం బస్తా ఎత్తబోయే ముందు ఊపిరి బిగబడతాం, గొంతు దానంతటదే మూసుకుంటుంది. పై నోటును మనసు బరువని లెక్కేసుకున్న రోజున శరీరం అచ్చం అదే చేస్తుంది. గాలి లోపలే ఆగిపోయిందని తెలియక మనం మౌత్‌పీస్‌ని, అంటే పెదవికి ఆనించి ఊదే ఇత్తడి గిన్నెని, ఇంకా అదుముతాం. నీ పెదవి మీద మచ్చ అలా వచ్చిందే.

నాకూ 22 ఏళ్ల వయసులో ఇదే జరిగింది. మా గురువుగారు నా చేతిలోంచి ట్రంపెట్ తీసుకుని అరుగు మీద పెట్టి, 'ఆ చరణం పాడు' అన్నారు. పాడాను. చివరి స్వరం దగ్గరికి వచ్చేసరికి గడ్డం పైకి లేచింది, భుజాలు చెవుల దాకా వచ్చాయి, గొంతు బిగుసుకుంది. చేతిలో వాద్యం లేదు, పెదవి మీద ఇత్తడి లేదు, అయినా అదే చోట అదే తప్పు! ఆయన ఏమీ అనకుండా మళ్లీ పాడమన్నారు, భుజాలు కదలకుండా వచ్చేదాకా వాద్యం ముట్టుకోనివ్వలేదు, దానికి నాకు వారం పట్టింది.

నువ్వూ అలాగే మొదలుపెట్టు. నీ గొంతుకి అందే శృతిలోనే పాడుకో. వాయించేటప్పుడు పీల్చిన ఊపిరి ఊయలలా వెంటనే వెనక్కి తిరగాలి, మధ్యలో ఆగకూడదు. సాధనలో పై 'రి', వీలైతే 'గ' కూడా అలవాటు చేసుకో, 'స' నీకు చివరి మెట్టుగా ఉన్నంతకాలం భయపెడుతూనే ఉంటుంది. ఇంకొకటి, ఇది నాకు బాగా పనిచేసింది: రోజుకోసారి మేడమెట్లు గబగబా ఎక్కి, గుండె దడదడలాడుతుండగానే ఆ చరణం ఒకే ఒక్కసారి వాయించు. తప్పినా రెండోసారి వద్దు, రేపే. పెళ్లిలో మనకి దొరికేది ఆ ఒక్కసారే కదా.

ఎత్తైన స్వరాలకు ప్రపంచమంతా పేరుపడ్డ ట్రంపెట్ విద్వాంసుడు మేనార్డ్ ఫెర్గూసన్ 1960ల చివర్లో మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ స్కూల్లో పాఠాలు చెప్పారు, తెలుసా? యోగాలో నేర్చుకున్న ఊపిరి పద్ధతిని ఆయన తన వాయిద్యానికి వాడుకున్నారు. అంతటివాడికీ ఊపిరి దగ్గరే పని పడింది.

మచ్చ మానేదాకా రెండు మూడు రోజులు పై నోట్ల జోలికి పోకు. మూడు గంటల ఊరేగింపు చివర పెదవి అలసి తప్పితే అది భయం కాదు, అలసటే, ఆ ముక్కను ముందుకు జరపమని బాబాయిని అడుగు. ఆయన కోపంతో ఇచ్చేశారనుకోకు, నీ పరువు కాపాడి ఉంటారు. ఏదైనా చిన్న ఫంక్షన్‌లో క్లారినెట్‌తో కలిపి ఆ చరణం మళ్లీ వాయిస్తానని చెప్పు. నోటు చీలినా ఆగకుండా పల్లవి అందుకో. ఎలా జరిగిందో నాకు ఉత్తరం రాయి, ఎదురుచూస్తుంటాను.